పొట్ట కాదు, నడుం తడిమి చూడండి

ఈ నెల ఉత్తరాల కట్టలో సగానికి పైగా సూడి గొర్రెల (కడుపుతో ఉన్నవాటి) మేత గురించే ఉన్నాయి. ఒకే సంగతి నలుగురు అడిగిన చోట ఒక్క ఉత్తరమే తీసుకున్నాను. మిగతావాళ్లు తమ జవాబు అందులోనే వెతుక్కోవాలి.

ప్రశ్న: కడుపులో పిల్ల ఎదుగుదల దాదాపు అంతా చివరి నెలన్నరలోనే అని చదివాను. అలాంటప్పుడు మొదటి మూడు నెలలూ మందను బీడు మీద వదిలేసి, దాణా అంతా చివరికి దాచుకుంటే తప్పేమిటి?

జవాబు: మీరు చదివింది నిజమే. గొర్రె సూడి కాలం సగటున 147 రోజులు. పుట్టేనాటి బరువులో మూడింట రెండు వంతులకు పైనే చివరి ఆరు వారాల్లో వస్తుంది. మూడు నెలలు నిండేసరికి పిల్ల తన పుట్టుక బరువులో ఆరో వంతు కూడా ఉండదు. కాబట్టి ఎక్కువ దాణా చివరికి ఉంచుకోవడం సబబే. అయితే తల్లి నుంచి పిల్లకు పోషకాలు చేరవేసే మాయను, ఈనాక బయటపడే ఆ పొరను, మీరు లెక్కలోకి తీసుకోలేదు.

గొర్రె గర్భసంచి లోపలి గోడ మీద బొడిపెలుంటాయి. అవి ఎన్నన్నది ఆ గొర్రె పుట్టేనాటికే ఖరారైపోతుంది. సూడి కట్టిన మూడో వారం నుంచి పిల్ల వైపు పొరలు వచ్చి ఈ బొడిపెలను అతుక్కుంటాయి. అతుక్కున్న ప్రతి చోటా ఒక బొత్తాం తయారవుతుంది. మామూలుగా ఒక గొర్రెలో 70 నుంచి 100 దాకా ఉంటాయి. తల్లి రక్తంలోని పోషకాలు పిల్లకు ముఖ్యంగా అందేది ఈ బొత్తాల్లోంచే. ఈ బొత్తాలూ పొరలూ కలిసిన మాయ మొత్తం 75, 90 రోజుల మధ్యలో తన పూర్తి బరువుకు చేరుకుని అక్కడ ఆగిపోతుంది. ఆ తర్వాత లోపల రక్తప్రవాహం పెరుగుతుంది, అల్లిక మారుతుంది తప్ప మాయ పెద్దది కాదు. అంటే మీరు బీడు మీద వదిలేద్దామంటున్న నెలల్లోనే మాయ కట్టుకోవడం పూర్తయిపోతుంది. బక్కగొర్రె ఆ రోజుల్లో ఇంకా బక్కచిక్కితే మాయ చిన్నదవుతుంది. అయిదో నెలలో మీరెంత దాణా పోసినా తల్లి ఒంటికి పడుతుందేమో గానీ, పిల్లకు చేరేది ఆ చిన్న మాయ ఎంత పంపగలిగితే అంతే.

నాకో అలవాటుంది. గొర్రె ఈని మాయ వెయ్యగానే దాన్ని పూడ్చేలోపు గోనెపట్టా మీద పరిపించి, నీళ్లు పోయించి చూస్తాను. ఎర్రటి బొత్తాలు పొర మీద విడివిడిగా కనబడతాయి. తక్కువగా ఉన్నా ఒక్కొక్కటీ పెద్దగా ఎదిగి ఉంటే ఆ తల్లి లోటు సర్దుకుందని అర్థం. తక్కువగానూ ఉండి, చిన్నగానూ ఉంటే పిల్లను తూకం వేయకముందే బరువు ఊహించవచ్చు. కవలలకు ఉన్న బొడిపెలే పంచుకోవాలి గనక ఒక్కో పిల్లకు దక్కేవి తగ్గుతాయి. మీరూ చూడండి. చేతికి తొడుగు లేకుండా మాత్రం ముట్టుకోకండి, ఈసుకుపోయిన (నెలలు నిండకుండా పిల్లను పోగొట్టుకున్న) గొర్రె మాయనైతే మరీను. ఇంట్లో గర్భిణులుంటే ఈనే గొర్రెల ఛాయలకే రానివ్వొద్దు. గొర్రెల్లో గర్భాలు పోగొట్టే కొన్ని సూక్ష్మజీవులు మనుషులకూ అంటుకుంటాయి.

అలాగని నడి నెలల్లో దాణా కుమ్మరించమనడం లేదు. ఒంట్లో పుష్టి ఉన్న గొర్రెకు రెండు, మూడు నెలల్లో మేత కాస్త తగ్గినా నష్టం లేదు. ఒక్కోసారి మాయే కొంచెం పెరిగి సర్దుకుంటుంది కూడా. ఆ వెసులుబాటు బక్కగొర్రెకు ఉండదు. ఏది బక్కది, ఏది పుష్టిగలది అన్నది దూరం నుంచి పొట్ట చూసి చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. పొట్ట నిండా నెమరుకు సరిపడా ముతక మేత ఉంటే బక్కగొర్రె కూడా గుండ్రంగా కనిపిస్తుంది, పైన ఉన్ని ఉంటే ఇక చెప్పనక్కర్లేదు.

చేత్తో చూసి, ఒంటి పుష్టికి 1 నుంచి 5 దాకా పాయింట్లు వేయండి. గొర్రెను నాలుగు కాళ్ల మీద నిలబడనిచ్చి, చివరి పక్కటెముక దాటాక నడుం మీద అరచెయ్యి ఆనించండి. నిట్టనిలువుగా తగిలేవి వెన్నుపూసల మొనలు. పక్కకు వేళ్లు జార్చితే అడ్డంగా పొడుచుకొచ్చే ఎముకల కొసలు తగులుతాయి. ఆ కొసల కిందికి వేళ్లు సులువుగా దూరిపోయి, మొనలు సూదిగా గుచ్చుకుంటుంటే అది 1. మొనలు తెలుస్తున్నా నున్నగా ఉండి, అడ్డ ఎముకలు దొరకాలంటే గట్టిగా నొక్కాల్సివస్తే 3. ఎంత నొక్కినా ఎముక తగలకపోతే 5. మధ్యలో అరలు కూడా వేసుకోవచ్చు. పొట్టేలును వదిలేనాటికి 3 చుట్టూ ఉండాలి, ఈనేనాటికి రెండున్నరకు తగ్గకూడదు. మధ్యలో అర పాయింటు జారితే కంగారు లేదు. ఒక్క పాయింటు అంటే ఒంటి బరువులో పదో వంతుకు పైనే. అది తిరిగి పట్టాలంటే మంచి మేత మీద కూడా ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. చివరి నెలలో చెయ్యి వేసి "అయ్యో బక్కదే" అనుకుంటే అప్పటికే గడువు దాటినట్టు.

మొదటి నెల సంగతి ఒక్క మాటలో: ఏ మార్పూ చేయకండి. పస్తు పెట్టినా ముప్పే, ఉన్నట్టుండి విపరీతంగా మేపినా ముప్పే. బాగా మేపితే కాలేయం ప్రొజెస్టరాన్‌ను త్వరగా కరిగించేస్తుంది. గర్భాన్ని నిలబెట్టేది ఆ హార్మోనే.

ప్రశ్న: మందలో బాగా లావుగా ఉండే గొర్రె, కవలల సూడి, ఈనడానికి మూడు వారాలుండగా మేత మానేసింది. గోడకు తల ఆనించి నిలబడేది. చెయ్యి కళ్ల ముందు ఆడించినా రెప్ప వెయ్యలేదు. నాలుగో రోజు చచ్చిపోయింది. బక్క గొర్రెలన్నీ బాగున్నాయి. విషపు మొక్క ఏదైనా తిని ఉంటుందా?

జవాబు: మొక్క మీద నాకు అనుమానం లేదు. మీరు రాసిన లక్షణాలన్నీ సూడి కీటోసిస్‌వి. చివరి నాలుగారు వారాల్లో, ఎక్కువగా రెండు మూడు పిల్లలున్న గొర్రెలకు వస్తుంది. బక్కవాటికే కాదు, బాగా కొవ్వినవాటికీ వస్తుంది.

కడుపులో పిల్లకు ముఖ్య ఇంధనం గ్లూకోజు. గొర్రెకేమో మేతలోంచి గ్లూకోజు నేరుగా దొరకదు. తిన్నదంతా పెద్దపొట్టలో పులిసి ఆమ్లాలుగా మారుతుంది. అందులో ప్రొపియోనిక్ ఆమ్లాన్ని తీసుకుని కాలేయం గ్లూకోజు తయారుచేసుకోవాలి. కవలలున్న తల్లి చివరి నెలలో తయారుచేసుకున్న గ్లూకోజులో మూడో వంతుకు పైగా గర్భసంచే లాగేసుకుంటుంది. తల్లికి చాలినా చాలకపోయినా పిల్లల వైపు ప్రవాహం ఆగదు. సరిగ్గా అప్పుడే ఎదిగిన గర్భసంచి పెద్దపొట్టను పక్కకు నెట్టేస్తుంది. లోపల కొవ్వు కూడా పేరుకుని ఉంటే ఇక మేతకు చోటెక్కడ? మీ లావు గొర్రె తిందామన్నా తినలేకపోయింది. ఒంట్లో కొవ్వు కరగడం మొదలైంది. కాలేయం ఆ వరదను మొయ్యలేక తానే కొవ్వు పట్టిపోయింది, కొవ్వు కరిగితే పుట్టే కీటోన్లు అనే పదార్థాలను రక్తంలోకి వదిలింది. కీటోన్లు పెరిగితే ఉన్న కాస్త ఆకలీ చస్తుంది. మెదడుకు గ్లూకోజు చాలక చూపు పోతుంది.

మీరు నాలుగు రోజులు చూశానన్నారు. కనిపెట్టాల్సింది అంతకు ముందే. దాణా పోసినప్పుడు మందంతా తొట్టి మీద పడుతుంటే వెనక నిలబడిపోయే గొర్రె ఒకటుంటుంది. పిలిస్తే చెవి తిప్పుతుంది, అడుగు పడదు. పళ్లు కొరుకుతుంది. మూతి దగ్గర వాసన చూస్తే గోళ్ల రంగు తుడిచే మందు వాసన లీలగా తగులుతుంది. అందరికీ పట్టదు ఆ వాసన, పట్టలేదని వ్యాధి లేదనుకోవద్దు. ఆ రోజే ప్రొపిలీన్ గ్లైకాల్ (కాలేయం గ్లూకోజుగా మార్చుకునే ద్రవం) పట్టించడం మొదలుపెట్టాలి. మామూలుగా వాడేది 60 మిల్లీలీటర్లు, రోజుకు రెండుసార్లు, మూడు రోజులు. పశువైద్యుడొచ్చి గ్లూకోజు, కాల్షియం ఎక్కిస్తారు. పడుకుండిపోయి లేవలేని గొర్రె బతికేది తక్కువ. పిల్లల్ని త్వరగా బయటకు తీయడమొక్కటే అప్పటికి మిగిలే దారి, అదీ వేళ మించకపోతే.

ఒక తిరకాసుంది. ఎక్కడికో తోలుకెళ్లాకనో, మేత మార్చాకనో గంటల్లో పడిపోయి, కాళ్లు వణికి, పొట్ట ఉబ్బితే అది కాల్షియం లోపం కావచ్చు. పిల్లల ఎముకలు గట్టిపడే కాలంలో తల్లి రక్తంలో కాల్షియం చటుక్కున పడిపోతుంది. దానికి కాల్షియం బోరోగ్లూకోనేట్ ఇస్తే చాలాసార్లు గంటా రెండు గంటల్లో లేచి నిలబడుతుంది. లేచిందంటే రోగమేమిటో మందే చెప్పినట్టు.

మిగతా మందకు: ఈనడానికి మూడు, నాలుగు వారాల ముందు కొన్ని గొర్రెల రక్తంలో కీటోన్లు కొలిపించండి. చిన్న మీటరుతో కొట్టంలోనే అయిపోతుంది. బీటా హైడ్రాక్సీ బ్యుటిరేట్ అనే కీటోను లీటరుకు 0.8 మిల్లీమోళ్లు దాటితే శక్తి చాలడం లేదని. 3 దాటితే వ్యాధే. దాణా ఆరు వారాల ముందు కొద్దిగా మొదలుపెట్టి మెట్లు మెట్లుగా పెంచండి. ఒక్క పూటలో ఒక గొర్రెకు అరకిలో దాటొద్దు, దాటితే పొట్ట పులిసి మొదటికే మోసం. ఒక్క పిల్ల ఉన్న తల్లికి చివర్లో మామూలు శక్తికి ఒకటిన్నర రెట్లు కావాలి, కవలల తల్లికి దాదాపు రెండు రెట్లు. తొట్టి దగ్గర అన్ని తలలకూ ఒకేసారి చోటుండాలి. లేకపోతే గట్టివి రెండు వాటాలు తింటాయి, మీ లెక్కంతా కాగితం మీదే మిగులుతుంది. ఎండుమేత మాత్రం మెత్తనిదీ, ఆకు రాలనిదీ వీటికే పెట్టండి. చోటు తక్కువైన పొట్టలో గట్టి కాడ నింపి ప్రయోజనం లేదు.

ప్రశ్న: తొలిచూలు గొర్రెను, ఇంకా ఎదిగే వయసే కదా అని, సూడి కట్టినప్పటి నుంచీ కడుపునిండా దాణాతో మేపాను. తను బాగా పెరిగింది. పిల్ల మాత్రం చిన్నగా, రోజుల ముందే పుట్టింది. ఇదేం న్యాయం?

జవాబు: న్యాయం సంగతి నాకు తెలీదు గానీ, దీని మీద గట్టి పరిశోధనే ఉంది. స్కాట్లాండ్‌లోని రోవెట్ సంస్థలో జాక్వెలిన్ వాలెస్ బృందం ఏళ్ల తరబడి ఇదే పని చేసింది. లేత వయసు గొర్రెలకు ఒక్కొక్క పిండాన్నే పెట్టి, కొన్నింటిని మితంగా, కొన్నింటిని విపరీతంగా మేపారు. విపరీతంగా తిన్నవాటిలో మాయ చిన్నదైంది, పిల్ల బరువు తగ్గింది, నెలలు నిండకముందే ఈనాయి, జున్నుపాలూ తగ్గాయి. ఎదిగే వయసులో దాణా ఎక్కువైతే పోషకాలు తల్లి ఒంటికే మళ్లుతాయి, గర్భసంచి వైపు రావు.

తొలిచూలుదాన్ని ఆకలితో ఉంచమని కాదు. తన ఎదుగుదల నిదానంగా సాగేంత మేత చాలు. అసలు జాగ్రత్త కట్టించకముందే ఉంది: ఆ జాతి పెద్ద గొర్రె బరువులో మూడింట రెండు వంతులు రాని పిల్ల మీదికి పొట్టేలును వదలకండి. పెద్ద గొర్రె విషయంలో ఈ చిక్కు ఇంత ఉండదు.

ప్రశ్న: ఆవులకు తెచ్చిన ఖనిజ లవణ మిశ్రమమే సూడి గొర్రెలకూ పెట్టవచ్చా?

జవాబు: వద్దు. అందులో రాగి ఎక్కువ. గొర్రె కాలేయం రాగిని పోగేసుకుంటుంది, వదిలించుకోలేదు. ఒకరోజు కామెర్లతో చస్తుంది. అలాగని అసలు లేకపోయినా ప్రమాదమే. సూడిలో రాగి చాలకపోతే పిల్ల వెన్నుపాములో లోపంతో పుట్టి, వెనక కాళ్లు ఈడుస్తుంది. గొర్రెలకని రాసి ఉన్న మిశ్రమం వాడండి. అయోడిన్ తగ్గితే గొంతు వాచిన పిల్లలు, సెలీనియం, విటమిన్ ఇ తగ్గితే కండరాలు పాలిపోయి నిలబడలేని పిల్లలు.

ప్రశ్న: నేను విద్యార్థిని. మనుషుల గర్భం గురించిన పాఠాల్లో అడుగడుగునా గొర్రె ఎందుకు?

జవాబు: పిల్ల పరిమాణం మన శిశువుకు దగ్గరగా ఉంటుంది, తరచు ఒక్కటే ఉంటుంది. పైగా గొర్రె గర్భసంచిని శస్త్రచికిత్సతో తెరిచి, పిల్ల రక్తనాళంలో సన్నని గొట్టం అమర్చి మళ్లీ మూసినా సూడి నిలుస్తుంది. తల్లి మామూలుగా మేస్తుంటే రోజూ పిల్ల రక్తం తీసి చూడవచ్చు. మరే జంతువులోనూ ఇంత తేలిక కాదు.

ఫలితం చెబుతా వినమ్మా. న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్‌లో గ్రాహం లిగ్గిన్స్ గొర్రె ఎందుకు ఈనుతుందో తెలుసుకుందామని కడుపులోని పిల్లలకు స్టెరాయిడ్ ఎక్కించి చూశాడు. అవి ముందే పుట్టాయి. అంత ముందు పుట్టిన పిల్లలు ఊపిరి తీయలేక చావాలి. ఒకటి బతికి ఊపిరి తీస్తూ కనబడింది, ఊపిరితిత్తులు కొంత తెరుచుకున్నాయి. ఆయన అది వదల్లేదు. రాస్ హోవీతో కలిసి తల్లుల మీద పరీక్షించి 1972లో ప్రచురించాడు. నెలలు నిండకుండా కాన్పయ్యేలా ఉన్న తల్లికి ఇవాళ ప్రపంచమంతటా ఇచ్చే ఆ స్టెరాయిడ్ ఇంజెక్షన్ అక్కణ్నుంచి వచ్చిందే.

మేత సంగతికొస్తే, అదే ఆక్లాండ్ నుంచి 2003లో ఇంకో ఫలితం వచ్చింది. గొర్రెలకు కట్టించడానికి 60 రోజుల ముందు నుంచి, కట్టాక 30 రోజుల దాకా మేత తగ్గించారు. ఆ తర్వాత మామూలుగా మేపారు. అయినా వాటిలో దాదాపు సగం నెలలు నిండకముందే ఈనాయి. పిల్ల చిటికెన వేలంత కూడా లేనప్పుడు పడిన పస్తు, నాలుగు నెలల తర్వాత ఈత తేదీని మార్చింది. నీ పాఠంలో ఈ పరిశోధన లేకపోతే మీ మేడమ్‌ను అడుగు.

ప్రశ్న: చిన్నగా పుట్టిన కవల పిల్ల చల్లబడిపోయింది. మంట దగ్గర పెట్టి వెచ్చబరిచాం. కాసేపటికి గిలగిల కొట్టుకుని పోయింది. కారణం?

జవాబు: ఒంట్లో గ్లూకోజు అయిపోయి ఉంటుంది. పిల్ల పుట్టేటప్పుడు మూత్రపిండాల చుట్టూ గోధుమరంగు కొవ్వు తెచ్చుకుంటుంది. వణక్కుండానే వేడి పుట్టించే కొవ్వు అది. చివరి వారాల్లో తల్లికి మేత చాలకపోతే ఆ కొవ్వు పలచగా ఉంటుంది, కొన్ని గంటల్లో కరిగిపోతుంది. ఆ పైన పాలు కడుపులో పడకుండా ఒళ్లు వెచ్చబడితే, ఉన్న కాస్త గ్లూకోజూ ఖర్చయిపోయి మూర్ఛ వస్తుంది. థర్మామీటరు పెట్టి చూడాలి. 39 డిగ్రీల సెల్సియస్ పైన ఉంటే మామూలే. 37 కంటే తక్కువై, పుట్టి అయిదు గంటలు దాటి ఉంటే, ముందు పొట్ట కుహరంలోకి గ్లూకోజు ఇంజెక్షన్ వేయించి ఆ తర్వాతే వెచ్చబరచాలి. తల నిలపలేని పిల్లకు గొట్టంతో పాలు పట్టకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

జున్నుపాలు కొలిచి పట్టండి. గొర్రె మాయలోంచి రోగనిరోధక పదార్థాలు దాటవు, పిల్ల వట్టి చేతులతో పుడుతుంది. మొదటి రెండు గంటల్లో కిలో బరువుకు 50 మిల్లీలీటర్లు, తొలి రోజు మొత్తం మీద 200. అంటే 4 కిలోల పిల్లకు తొలి రోజున 800 మిల్లీలీటర్లు. రోజు గడిచాక ఎంత పట్టినా ఆ పదార్థాలు పేగులోంచి రక్తంలోకి వెళ్లవు. తల్లికి పాలు తక్కువగా ఉంటే చివరి మూడు వారాల్లో దాణాలో మాంసకృత్తులు ఎంత ఉన్నాయో ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: సూడి గొర్రెలకు స్కానింగ్ చేయించమంటున్నారు. అంత అవసరమా?

జవాబు: అవసరమే. 45 నుంచి 90 రోజుల మధ్య చేయిస్తే ఒక్కటా, కవలలా తెలుస్తుంది. ఆ తర్వాత పిల్లలు పెద్దవై తెరలో పట్టవు, లెక్క తప్పుతుంది. ఒట్టివి (సూడి కట్టనివి), ఒంటి పిల్లవి, కవలలవి వేరు చేసి వేరుగా మేపండి. ఒంటి పిల్ల తల్లికి కవలల మేత పెడితే పిల్ల మరీ పెద్దదై ఈతలో అడ్డం పడుతుంది, అదీ చావే. గుర్తుకు రంగు పూసేటప్పుడు ఉన్ని అమ్మే గొర్రెల మంద అయితే గొర్రెల కోసం చేసిన, కడిగితే పోయే రంగు తీసుకోండి. తలుపులకు వేసే పెయింటు వద్దు.